ప్రెస్సుకి ఫైలు పంపేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

పుస్తకం, పత్రిక, కరపత్రం, పోస్టరు, ప్యాకింగ్ డబ్బా, ఏదైనా సరే, అచ్చుకి వెళ్లే ఫైలు తయారుచేసేవాళ్లకి ఎదురయ్యే ప్రశ్నలివి. డిజైనర్లతోపాటు సొంతంగా పుస్తకం వేసుకుంటున్న రచయితలు, సంస్థల తరఫున ప్రెస్సుతో మాట్లాడేవాళ్లు కూడా వీటినే అడుగుతుంటారు. జవాబులన్నిటి వెనకా ఉన్న సంగతి ఒక్కటే: తెర మీద మీకు కనిపించేది వేరు, ఫైల్లో ఉన్నది వేరు. ప్లేటు తయారుచేసే యంత్రం ఫైల్లో ఉన్నదాన్నే చదువుతుంది. మీ ఉద్దేశం ఏమిటో చెప్పడానికి ఆ సమయంలో మీరు దాని పక్కన ఉండరు.

తెర మీద అంత కాంతిగా ఉన్న రంగు కాగితం మీద ఎందుకు వెలవెలబోతుంది?

తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిసిన ఆ పద్ధతే ఆర్‌జీబీ. కాగితం తనంతట తాను వెలగదు. దాని మీద పడ్డ వెలుతురులో కొంత సిరా మింగేయగా మిగిలింది మన కంటికి చేరుతుంది. అచ్చులో వాడే సిరాలు నాలుగు: సయాన్, మజెంటా, పసుపు, నలుపు. అదే సీఎంవైకే. ఈ నాలుగూ కలిసి పుట్టించగల రంగులు తెర చూపించగల వాటికన్నా తక్కువ. మిరుమిట్లు గొలిపే నీలం, చిలకపచ్చ, నారింజ, నియాన్ గులాబీ మొదట దెబ్బతినేవి.

దీనికి మందు చివర్లో లేదు, మొదట్లోనే ఉంది. రంగులు ఎంచుకునేటప్పుడే సీఎంవైకే విలువలతో ఎంచుకోండి. ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ మూడింటిలోనూ వ్యూ మెనూలో ప్రూఫ్ కలర్స్ ఉంటుంది. అది ఆన్ చేస్తే అచ్చులో రంగు ఏ మేరకు తగ్గుతుందో తెర మీదే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. తెర రంగుల్ని ప్రమాణానికి సరిపోయేలా సర్దకపోతే, అంటే కాలిబ్రేట్ చేయకపోతే, ఆ ఉజ్జాయింపుని కూడా నమ్మలేం. వెలుగు పూర్తిగా పెంచిన తెర మీద సరిచేసిన ఫొటోలు అచ్చులో దాదాపు ఎప్పుడూ నల్లబడే వస్తాయి.

ఆర్‌జీబీ నుంచి సీఎంవైకేకి నేను మార్చాలా, ప్రెస్సు మార్చుకుంటుందా?

మార్చేముందు ప్రెస్సుని ఒక్క ప్రశ్న అడగండి: ఏ ఐసీసీ ప్రొఫైల్ కావాలి? సీఎంవైకే అనేది ఒకే ఒక్క రంగుల వ్యవస్థ అనుకోవడం పొరపాటు. ఫలానా కాగితం మీద, ఫలానా సిరాలతో, ఫలానా ప్రమాణం ప్రకారం అచ్చు వేస్తే రంగు ఎలా వస్తుందో ప్రొఫైల్ వర్ణిస్తుంది. పూత ఉన్న ఆర్ట్ పేపర్‌కి ఫోగ్రా 39, దాని తర్వాత వచ్చిన ఫోగ్రా 51, గ్రాకాల్, జపాన్ కలర్ 2001 ఎక్కువగా వినిపించే పేర్లు. పూత లేని కాగితానికి, న్యూస్‌ప్రింట్‌కి వేరే ప్రొఫైళ్లున్నాయి. ఒకే ఫొటోని రెండు ప్రొఫైళ్లలోకి మార్చి చూస్తే సిరా శాతాలు వేరువేరుగా వస్తాయి.

ఫొటోల్ని అసలు ఆర్‌జీబీలోనే దాచుకుని, పీడీఎఫ్ చేసేటప్పుడు ఒక్కసారే మార్చడం మంచిదని నా అభిప్రాయం. అదే బొమ్మ రేపు వేరే కాగితం మీద వేయాల్సి రావచ్చు. ఒకసారి సీఎంవైకేలోకి కుదించిన రంగు మళ్లీ ఆర్‌జీబీకి మార్చినా తిరిగి రాదు.

మొత్తం సిరా పరిమితి అంటే ఏమిటి?

ఒకే చోట నాలుగు సిరాల శాతాల్నీ కూడితే వచ్చే సంఖ్య. సిద్ధాంతం ప్రకారం 400 దాకా పోవచ్చు కానీ అంత సిరాని ఏ కాగితమూ మోయలేదు. షీటు ఆరదు, పైన పడిన షీటుకి అంటుకుంటుంది, వెనక పేజీ మీదికి మరక దిగుతుంది. ఆర్ట్ పేపర్‌కి 300 నుంచి 330 శాతం, న్యూస్‌ప్రింట్‌కి 240 శాతం దాకా సాధారణంగా ఒప్పుకుంటారు. సరైన ప్రొఫైల్‌తో మార్చిన ఫొటోల్లో ఈ హద్దు దానంతట అదే పాటింపబడుతుంది. చేత్తో నింపిన నల్ల నేపథ్యాల దగ్గరే ఇది హద్దు మీరుతుంది.

నలుపుకి ఇన్ని రకాలేమిటి? ఏది ఎక్కడ వాడాలి?

ఫైళ్లలో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

చదివే అక్షరాలన్నీ, గీతలతో సహా, ఒక్క నల్ల సిరాతోనే ఉండాలి. అంటే నలుపు 100, మిగతా మూడూ సున్నా. వర్డ్‌లోనో, ఆర్‌జీబీ ఫైల్లోనో టైప్ చేసిన నల్లటి అక్షరం చూపుకి అదే నలుపు. సీఎంవైకేలోకి మారగానే అది నాలుగు ముక్కలవుతుంది. ఫొటోషాప్‌లో చాలాకాలంగా డిఫాల్ట్‌గా ఉన్న అమెరికన్ స్వాప్ ప్రొఫైల్‌తో మారిస్తే సయాన్ 75, మజెంటా 68, పసుపు 67, నలుపు 90 వస్తుంది. ఒక్కో అక్షరాన్నీ నాలుగు ప్లేట్లు నాలుగుసార్లు ఒకే చోట అచ్చు వేయాలన్నమాట. కాగితం మిల్లీమీటరులో పదో వంతు జరిగినా అక్షరం చుట్టూ రంగు అంచు కనిపిస్తుంది. తెలుగు అక్షరానికి ఇది మరీ చేటు. తలకట్టు, గుడి, ఒత్తుల మధ్య ఉండే సన్నని ఖాళీలు ఆ రంగు అంచుతో నిండిపోయి చదవడానికి కళ్లు లాగుతాయి.

పెద్ద నల్ల నేపథ్యానికి ఇందుకు వ్యతిరేకం. ఒక్క నల్ల సిరాతో వేస్తే అది ముదురు బూడిదరంగులా వెలిసి కనిపిస్తుంది. అక్కడ కింద కొంచెం మిగతా రంగులు వేసి రిచ్ బ్లాక్ చేస్తారు. సయాన్ 60, మజెంటా 40, పసుపు 40, నలుపు 100 ఎక్కువమంది వాడే కలయిక. కూడితే 240, కాబట్టి ఆర్ట్ పేపర్ మీద ఇబ్బంది ఉండదు. మీ ప్రెస్సు తనకంటూ వేరే కలయిక చెబితే అదే వాడండి.

స్వాచెస్‌లో రిజిస్ట్రేషన్ అని ఇంకో నలుపు కనిపిస్తుంది. అది నాలుగు ప్లేట్లలోనూ నూటికి నూరు శాతం పడే రంగు, కటింగ్ గుర్తుల కోసం ఉద్దేశించింది. పేజీలో దేనికీ దాన్ని వాడకండి.

నలుపు తెలుపు ఫొటోలు నల్ల సిరా ఒక్కదానితోనే వేయాలనుకుంటే వాటిని గ్రేస్కేల్‌లోకి మార్చండి. ఆర్‌జీబీలో రంగు తీసేసి వదిలిన ఫొటో నాలుగు రంగుల్లోకి విడిపోతుంది. అప్పుడు ఒక పేజీలో ఎర్రజీర, ఇంకో పేజీలో పచ్చజీర కనిపిస్తుంది.

బ్లీడ్ ఎందుకు? ఎంత వదలాలి?

అచ్చయిన షీట్లని దొంతరగా పేర్చి ఒకేసారి కోస్తారు. ఎంత మంచి కటింగ్ యంత్రమైనా దొంతరలో పైకాగితానికీ కిందకాగితానికీ పిసరంత తేడా వస్తుంది. రంగు సరిగ్గా పేజీ అంచు దగ్గరే ఆగిపోతే ఆ తేడా తెల్లగీతగా బయటపడుతుంది. అందుకే అంచుదాకా వచ్చే బొమ్మల్నీ రంగుల్నీ నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు బయటికి సాగదీస్తారు. అదే బ్లీడ్. అంగుళాల్లో పనిచేసేవాళ్లు ఎనిమిదో వంతు అంగుళం అంటారు, దాదాపు అంతే. ఏ4 పేజీ 210 × 297 మిల్లీమీటర్లు, బ్లీడ్‌తో 216 × 303. ఏ5 అయితే 148 × 210, బ్లీడ్‌తో 154 × 216. డబ్బాలకీ గట్టి అట్ట బైండింగ్‌కీ 3 చాలదు, ప్రెస్సుని అడగాలి.

బ్లీడ్ కోసం పేజీ సైజునే పెంచేయకండి. పేజీని కోతసైజులోనే ఉంచి, డాక్యుమెంట్ సెట్టింగుల్లో బ్లీడ్ విడిగా ఇవ్వండి. పీడీఎఫ్ చేసేటప్పుడు ఆ బ్లీడ్‌ని చేర్చమనే గడి టిక్ చేయడం మరవకండి. డిజైన్‌లో శుభ్రంగా ఇచ్చిన బ్లీడ్ పీడీఎఫ్‌లో లేకుండా పోయేది ఆ ఒక్క గడి వల్లే.

లోపలివైపు ఎంత దూరం పాటించాలి?

ముఖ్యమైన అక్షరాలు, లోగోలు, పేజీ నంబర్లు కోతగీతకి కనీసం 4, 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. పేజీ చుట్టూ సన్నని చట్రంలాంటి గీత పెట్టాలనిపిస్తే మానుకోండి. కోత అరమిల్లీమీటరు జరిగినా ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా కనిపించి పేజీ అంతా వంకరగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఫొటో రిజల్యూషన్ 300 ఉంటే చాలా?

300 అనే సంఖ్య విడిగా ఏమీ చెప్పదు. బొమ్మ అచ్చయ్యే సైజులో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలన్నది అసలు నియమం. ఆఫ్‌సెట్ ముద్రణలో ఫొటో చుక్కలుగా మారుతుంది. మంచి కాగితం మీద అంగుళానికి 150 నుంచి 175 వరుసల చుక్కలు వేస్తారు. వరుసకి సుమారు రెండు పిక్సెళ్లు ఉంటే చుక్క పరిమాణాన్ని చక్కగా లెక్కించవచ్చు. 300 అక్కడినుంచే వచ్చింది. న్యూస్‌ప్రింట్‌లో వరుసలు తక్కువ కాబట్టి 200 చాలు.

లెక్క తేలిక. ఫొటోలో అడ్డంగా ఉన్న పిక్సెళ్లని 300తో భాగిస్తే ఎన్ని అంగుళాల వెడల్పుకి పనికొస్తుందో తెలుస్తుంది. 3000 పిక్సెళ్లుంటే 10 అంగుళాలు. ఏ4 నిండా బొమ్మ కావాలంటే 2480 × 3508 పిక్సెళ్లు, బ్లీడ్‌తో కలిపి సుమారు 2551 × 3579. పేజీలో పెట్టాక బొమ్మని రెట్టింపు చేస్తే 300 కాస్తా 150 అవుతుంది. ఇన్‌డిజైన్ లింక్స్ ప్యానెల్‌లో ఎఫెక్టివ్ పీపీఐ అనే అంకె ఈ అసలు విలువని చూపిస్తుంది. చూడాల్సింది దాన్నే.

72 ఉన్నచోట 300 అని టైప్ చేసి పెంచితే సాఫ్ట్‌వేర్ కొత్త పిక్సెళ్లని ఊహించి నింపుతుంది. ఫైలు బరువెక్కుతుంది, వివరం పెరగదు. మరోవైపు, దూరంనుంచి చూసే పెద్ద పోస్టరుకి 300 పట్టుబట్టక్కర్లేదు. 100 నుంచి 150 హాయిగా సరిపోతుంది, రోడ్డు పక్క హోర్డింగుకి అంతకన్నా తక్కువ చాలు.

స్కాన్ చేసిన గీతల బొమ్మలు, చేతిరాత, సంతకాలు వేరే కోవ. బూడిదరంగు లేని అచ్చమైన నలుపు తెలుపు బొమ్మకి 600 తక్కువ, 1200 మంచిది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటో వాడొచ్చా?

మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని కుదించి, జేపెగ్‌ని మళ్లీ నొక్కుతుంది. తీసినవాళ్లని అదే ఫొటో డాక్యుమెంటుగా పంపమనండి, లేదా మెయిల్లోనో డ్రైవ్‌లోనో పెట్టమనండి. ఫేస్‌బుక్ నుంచి దించిన ఫొటోకీ ఇదే జవాబు. ఆ మనిషిది అదొక్కటే ఫొటో మిగిలి ఉంటే చిన్న సైజులో వేయండి. పాత కుటుంబచిత్రం అరపేజీలో మసకగా ఉండటం కన్నా రెండంగుళాల్లో స్పష్టంగా ఉండటం గౌరవం.

లోగో ఏ రూపంలో కావాలి?

వెక్టర్‌లో, అంటే పిక్సెళ్లుగా కాకుండా గీతల లెక్కగా దాచిన రూపంలో. ఏఐ, ఈపీఎస్, ఎస్‌వీజీ, లేదా వెక్టర్‌గా చేసిన పీడీఎఫ్. జేపెగ్‌ని తెచ్చి పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే అది వెక్టర్ అయిపోదు. 800 శాతం జూమ్ చేసి చూడండి, అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తే అది ఇంకా పిక్సెల్ బొమ్మే.

తెలుగు అక్షరాలు ప్రెస్సుకి వెళ్లాక ఎందుకు చెడిపోతాయి?

రెండు వేర్వేరు జబ్బులు ఒకే లక్షణంతో కనిపిస్తాయి.

మొదటిది యూనికోడ్ తెలుగుది. యూనికోడ్‌లో మనం దాచేది అక్షరాల వరుస మాత్రమే. ఒత్తుని కిందికి దించడం, గుణింతపు గుర్తుని తగిలించడం సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని. ఆ పని రాని సాఫ్ట్‌వేర్‌లో, లేదా ఆ సెట్టింగు వేయనిచోట ఒత్తులు విడిపోయి పొల్లులుగా నిలబడతాయి. ఇన్‌డిజైన్‌లో పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూకి వెళ్లి వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి. ఇల్లస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సుల్లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేయాలి. ఒక పెట్టెలో స్త్రీ, క్షేత్రం, జ్ఞానం, కర్తృత్వం, సాఫ్ట్‌వేర్ అని టైప్ చేసి చూడండి. ఈ అయిదూ సరిగ్గా వస్తే మిగతావి దాదాపు వచ్చినట్టే.

రెండోది అనూ వంటి పాత ఫాంట్లది. వాటిలో ఫైల్లో ఉండేవి నిజానికి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిషు అక్షరాల సంకేతాలు. వాటికి తెలుగు ముక్కల బొమ్మలు తొడిగారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లిషు కనిపిస్తుంది. ఫాంటుని ఫైలు లోపలే పొదిగిన పీడీఎఫ్ పంపితే అచ్చుకి ఏ ఇబ్బందీ ఉండదు. అయితే ఆ పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే గజిబిజి వస్తుంది. పుస్తకం రేపు ఈబుక్‌గానూ రావాలనుకుంటే మొదటినుంచీ యూనికోడ్‌లో పనిచేయడమే మేలని గట్టిగా చెబుతాను.

యూనికోడ్ రాతప్రతిని అనూలోకి మార్చి పేజీలు కట్టించాను. మళ్లీ ప్రూఫు చూడాలా?

తప్పకుండా, మొదటి అక్షరంనుంచి చివరిదాకా. మార్పిడి ఒక అనువాదంలాంటి పని, ఎక్కడైనా జారవచ్చు. ముందు వెతకాల్సింది పొల్లు తర్వాత హల్లు వచ్చే మాటలు, ఫేస్‌బుక్, సాఫ్ట్‌వేర్, షేక్‌స్పియర్ వంటివి. యూనికోడ్‌లో వీటి మధ్య రెండు అక్షరాల్నీ కలవనివ్వని, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంటుంది. మార్పిడిలో అది ఎగిరిపోతే బుక్‌లోని బు కాస్తా స్ కింద ఒత్తై కూర్చుంటుంది. అరుదైన సంయుక్తాక్షరాలు, ఋకారం ఉన్న మాటలు, కొటేషన్ గుర్తులు, అంకెలు, మధ్యలో వచ్చే ఇంగ్లిషు మాటలు తర్వాతి వరుసలో చూడండి. రచయిత సంతకం చేసిన రాతప్రతి సరిగ్గా ఉన్నంత మాత్రాన పేజీ సరిగ్గా ఉన్నట్టు కాదు.

ఫాంట్లు పొదగాలా, అవుట్‌లైన్లుగా మార్చాలా?

పీడీఎఫ్ అయితే పొదిగితే చాలు. అక్రోబాట్ లేదా రీడర్‌లో ఫైల్ ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ పట్టీ చూడండి. ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ లేదా ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉండాలి. లోగో, పోస్టరు, విజిటింగ్ కార్డు వంటి నాలుగు మాటల పనిని ఇల్లస్ట్రేటర్ ఫైలుగానే పంపాల్సివస్తే అవుట్‌లైన్లు చేయండి, అంటే అక్షరాల్ని ఫాంటుతో పనిలేని ఆకారాలుగా మార్చండి. మార్చకముందు ఉన్న ప్రతిని వేరే పేరుతో దాచండి, ఎందుకంటే ఆ తర్వాత ఒక్క దీర్ఘం దిద్దాలన్నా కుదరదు. పుస్తకం మొత్తాన్ని అవుట్‌లైన్లు చేయడం నాకు ఇష్టం లేదు. ఫైలు బరువెక్కుతుంది, చిన్న అక్షరాలు కొన్ని డిజిటల్ యంత్రాల మీద కొంచెం లావెక్కుతాయి.

తెలుగు అచ్చుకి అక్షరాల విషయంలో ఇంకేం చూసుకోవాలి?

బోల్డ్ రూపం లేని తెలుగు ఫాంట్లు చాలా ఉన్నాయి. బోల్డ్ మీటను నొక్కగానే సాఫ్ట్‌వేర్ అక్షరం చుట్టూ గీత పెంచి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. ఖ, ఘ, ఱ వంటి అక్షరాల లోపలి గుండ్రాలు పూడిపోతాయి. నిజమైన బోల్డ్ ఉన్న ఫాంటు ఎంచుకోండి, లేదా శీర్షికకి రామభద్రలాంటి సహజంగానే లావైన ఫాంటు వాడండి. నోటో కుటుంబంలోని తెలుగు ఫాంట్లకి చాలా బరువులున్నాయి. మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, నోటో అన్నీ స్వేచ్ఛా లైసెన్సువే కాబట్టి పొదగడానికి అడ్డు లేదు.

వరుసల మధ్య దూరం ఇంగ్లిషు లెక్కన పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి. 12 పాయింట్ల అక్షరానికి 17, 18 పాయింట్ల దూరం నాకు సరిపోతుందనిపిస్తుంది, ఫాంటుని బట్టి చూసుకోవాలి. ముదురు నేపథ్యం మీద తెల్లటి తెలుగు అక్షరాలు వేసేటప్పుడు సైజు, బరువు రెండూ ఒక మెట్టు పెంచండి. నాలుగు పక్కలనుంచీ సిరా లోపలికి పాకుతుంది.

వర్డ్‌లోనో కాన్వాలోనో చేశాను. ఆ ఫైలే పంపవచ్చా?

వర్డ్ ఫైలు పంపకండి. ఫాంటు మారితే, చివరికి ప్రింటరు డ్రైవరు మారినా పేజీలు జరుగుతాయి. పేజీ సైజుని ముందే కోతసైజుకి పెట్టి, మీ కంప్యూటర్లోనే పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌ని చదివి పంపండి. వర్డ్ నుంచి వచ్చే పీడీఎఫ్ ఆర్‌జీబీలో ఉంటుందని, నల్ల అక్షరాల్ని ఒక్క నలుపుకి మార్చమని ప్రెస్సుకి చెప్పండి. నలుపు ఒక్కటే ఉన్న కథల పుస్తకానికి ఈ దారి పనికొస్తుంది. ఫొటోలున్న రంగుల పుస్తకాన్ని వర్డ్‌లో కట్టడం సలహా ఇవ్వను.

కాన్వాలో డౌన్‌లోడ్ చేసేటప్పుడు పీడీఎఫ్ ప్రింట్ ఎంచుకుని, క్రాప్ మార్కులు, బ్లీడ్ టిక్ చేయండి. సీఎంవైకే డబ్బు కట్టే ఖాతాలోనే దొరుకుతుంది. డబ్బు పెట్టకుండా పూర్తిస్థాయి పేజీల పని చేయాలంటే స్క్రైబస్ ఉంది. సీఎంవైకే, స్పాట్ రంగులు (ముందే కలిపి విడి ప్లేటుతో వేసే సిరాలు), పీడీఎఫ్ ఎక్స్ (అచ్చు కోసం నిర్దేశించిన పీడీఎఫ్ రకం) అన్నీ చేస్తుంది.

పీడీఎఫ్ ఎక్స్-1ఏ, ఎక్స్-4లో ఏది పంపాలి?

ప్రెస్సు చెప్పింది. వాళ్లేమీ చెప్పకపోతే ఎక్స్-4.

తేడా ఇది. ఎక్స్-1ఏలో సీఎంవైకే, స్పాట్ రంగులే ఉంటాయి, నీడలు, పారదర్శకతలు ముందే చదునై ఉంటాయి. పాత యంత్రాలు కూడా దీన్ని తడబడకుండా చదువుతాయి. చదును చేసేటప్పుడు నీడ కింద పడ్డ అక్షరాలు బొమ్మలుగా మారి చుట్టుపక్కల అక్షరాలకన్నా లావుగా రావడం దీని బలహీనత. ఎక్స్-4లో పారదర్శకత అలాగే ఉంటుంది, చదును చేసే పని ప్రెస్సులోని కొత్త సాఫ్ట్‌వేర్ తన రిజల్యూషన్‌కి తగ్గట్టు చేసుకుంటుంది. రెంటిలోనూ ఫాంట్లు పొదగడం తప్పనిసరి. ఎక్స్-1ఏ పంపక తప్పకపోతే అక్షరాల లేయరుని నీడలున్న బొమ్మలకన్నా పైన పెట్టండి.

పేజీలు జతలుగా పంపాలా, ఒక్కొక్కటిగానా? పేజీల సంఖ్యకి నియమం ఉందా?

ఒక్కొక్కటిగా, చదివే వరుసలో. ఏ పేజీ పక్కన ఏ పేజీ అచ్చవ్వాలో అమర్చుకోవడం ప్రెస్సు పని. అది మీరు చేసి పంపితే వాళ్లు ముందు దాన్ని విడదీయాల్సి వస్తుంది.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు 4తో భాగం పోవాలి. వీపు అతికించే పుస్తకాలకి 16 పేజీల ఫారాల (ఒకే షీటు మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టల) లెక్కన చూసుకుంటే కాగితం వృథా కాదు. చివర్లో మూడు పేజీలు మిగిలితే ఆ ఖాళీ పేజీల్ని కూడా ఫైల్లో ఖాళీగానే పెట్టండి, ప్రెస్సువాళ్ల ఊహకి వదలకండి. అతికించిన పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, కాబట్టి లోపలి మార్జిన్ 18, 20 మిల్లీమీటర్లకన్నా తగ్గించవద్దు.

పుస్తకం వీపు వెడల్పు ఎలా లెక్కించాలి?

పేజీల సంఖ్యని రెండుతో భాగిస్తే ఆకుల సంఖ్య వస్తుంది. దాన్ని కాగితం మందంతో గుణించాలి. 240 పేజీలు, 0.1 మిల్లీమీటరు మందం అయితే 120 ఆకులు, వీపు 12 మిల్లీమీటర్లు. ఏ5 పుస్తకానికి అట్ట ఫైలు ఒకే పేజీగా 148 + 12 + 148, అంటే 308 మిల్లీమీటర్ల వెడల్పు, బ్లీడ్‌తో 314 × 216. ఎడమవైపు వెనక అట్ట, కుడివైపు ముఖచిత్రం.

జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరు కాగితానికి గ్రాములు, బరువు చెబుతుంది, మందం చెప్పదు. ఒకే జీఎస్‌ఎం ఉన్న రెండు కాగితాల మందం వేరుగా ఉండవచ్చు. అందుకే ప్రెస్సునుంచి కాగితం ఖాయమయ్యాకే అట్టని పూర్తిచేయండి. వీపు రంగుని ముఖచిత్రం రంగుతో కలిపేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల జరుగుబాటు కంటికి కనిపించదు. వీపు 6 మిల్లీమీటర్లకన్నా సన్నగా ఉంటే దాని మీద పేరు వేయకపోవడమే నయం.

మూడు మడతల కరపత్రాన్ని మూడు సమానభాగాలు చేయవచ్చా?

చేయకూడదు. లోపలికి ముడుచుకునే పలక కాస్త చిన్నగా లేకపోతే మడత దగ్గర ఉబ్బుతుంది. ఏ4 అడ్డంగా అయితే 297ని 100, 100, 97గా విడగొట్టండి. బయటివైపు ఎడమనుంచి 97, 100, 100. లోపలివైపు 100, 100, 97. రెండోవైపు ఈ వరుసని తిప్పడం మరిచిపోయిన ఫైళ్లలో మడత సరిగ్గా అక్షరాల మీద పడుతుంది.

స్పాట్ రంగు ఎప్పుడు అవసరం?

సంస్థ గుర్తింపు రంగు ప్రతిచోటా ఒకేలా రావాలన్నప్పుడు, సీఎంవైకేలో పుట్టని రంగు కావాలన్నప్పుడు, లేదా రెండు రంగుల్లోనే పని ముగించాలన్నప్పుడు. స్పాట్ రంగులకి సంఖ్యలిచ్చే పాంటోన్ పద్ధతి 1963నుంచి ఉంది. సంఖ్య చివర సీ అంటే పూత ఉన్న కాగితం, యూ అంటే పూత లేనిది, సిరా ఒకటే. ఒకే రంగు ఫైల్లో సీ పేరుతో ఒకచోట, యూ పేరుతో ఇంకోచోట ఉంటే యంత్రం రెండు ప్లేట్లు తీస్తుంది. పని నాలుగు రంగులదే అయితే మిగిలిపోయిన స్పాట్ రంగులన్నీ సీఎంవైకేలోకి మార్చేయండి. బంగారు రేకు, స్పాట్ యూవీ, డై కటింగ్ గీతలు కూడా ఇలాగే ఒక్కో స్పాట్ రంగుగా, స్పష్టమైన పేరుతో, ఓవర్‌ప్రింట్‌లో (దీని సంగతి కింది జవాబులో) పెట్టి ఇవ్వాలి. ఆ ఆకారాలు వెక్టర్‌లోనే ఉండాలి.

తెల్ల లోగో అచ్చులో మాయమైంది. ఎలా?

ఓవర్‌ప్రింట్ వల్ల. ఓవర్‌ప్రింట్ అంటే కింది రంగుని చెరపకుండా దాని మీదే వేయమనడం. నల్ల అక్షరాలకి ఇది మంచిది, చుట్టూ తెల్ల సందులు రావు. అదే లోగో ఒకప్పుడు నల్లగా ఉన్నప్పుడు ఓవర్‌ప్రింట్ పెట్టి, తర్వాత ఎవరో రంగు తెలుపుకి మార్చి ఉంటారు. తెలుపంటే సిరా లేకపోవడమే. ఏమీ లేనిదాన్ని కింది రంగు మీద వేస్తే కింది రంగే మిగులుతుంది. మామూలు చూపులో లోగో కనిపిస్తూనే ఉంటుంది. అక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిస్తే నిజం బయటపడుతుంది.

ఎంత సన్నని గీత అచ్చవుతుంది?

0.25 పాయింటు తక్కువ కాకుండా చూడండి. ముదురు రంగు మీద తెల్లగీత అయితే 0.5. హెయిర్‌లైన్ అనే ఎంపిక వాడవద్దు. అంటే ఆ యంత్రం గీయగల అతి సన్నని గీత అని అర్థం. ఇంటి ప్రింటర్లో కనిపించే ఆ గీత 2400 డీపీఐ ప్లేటు మీద 0.03 పాయింటుకి పడిపోతుంది.

బార్‌కోడ్ పెట్టేటప్పుడు?

వెక్టర్, ఒక్క నల్ల సిరా, తెల్ల నేపథ్యం, రెండుపక్కలా ఖాళీ. పుస్తకాల 13 అంకెల బార్‌కోడ్ అసలు కొలత 37.29 × 25.93 మిల్లీమీటర్లు, 80 శాతానికన్నా చిన్నది చేయకూడదు. ఎర్ర గీతలు అందంగా ఉండొచ్చు కానీ స్కానర్ ఎర్ర వెలుతురుకి అవి తెల్లగానే కనిపిస్తాయి. ఎత్తు తగ్గించి అందం తేవాలని చూస్తే అమ్మకం బల్ల దగ్గర ఇబ్బంది పడేది పుస్తకమే.

ప్రూఫులో ఏం చూడాలి?

పీడీఎఫ్ ప్రూఫు మాటలకీ అమరికకీ. రంగుకి అది సాక్ష్యం కాదు, ఆఫీసు ప్రింటరు కాగితమూ కాదు. రంగు ముఖ్యమైన పని అయితే ప్రొఫైల్ ప్రకారం తీసిన కాంట్రాక్టు ప్రూఫు అడిగి, 5000 కెల్విన్ వెలుతురులో చూడండి. అది దొరక్కపోతే పగటి వెలుతురు వచ్చే కిటికీ దగ్గర.

పుస్తకమైతే డమ్మీ అడగండి. కాగితాన్ని అదే కొలతకి కోసి మడిచి చేతికిస్తే మార్జిన్లు, పేజీల వరుస, వీపు మందం తెర మీద ఎన్నిసార్లు చూసినా పట్టుబడని విధంగా తెలుస్తాయి. శీర్షిక, వీపు మీది పేరు, ఫోన్ నంబరు, ఐఎస్‌బీఎన్, విషయసూచికలోని పేజీ నంబర్లు: ఇవి ఫైలు చేయని ఇంకొకరి చేత చదివించండి. దిద్దుబాట్లన్నీ ఒకేసారి రాతలో ఇచ్చి, కొత్త పీడీఎఫ్‌లో దిద్దినచోటుతో పాటు దాని తర్వాతి పేజీలు కూడా చూడండి. ఒక వరుస పెరిగితే అధ్యాయం చివరిదాకా కదులుతుంది.

పని అయ్యాక ఏ ఫైళ్లు దాచుకోవాలి?

అచ్చుకి వెళ్లిన పీడీఎఫ్, దాన్ని పుట్టించిన అసలు ఫైలు, ఫాంట్లు, కుదించని ఫొటోలు, అన్నీ ఒకే ఫోల్డర్లో. ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్ నొక్కితే చాలావరకు అదే పోగుచేస్తుంది. కాగితం పేరు, జీఎస్‌ఎం, ప్రొఫైల్, వీపు కొలత, లామినేషన్ రకం ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసి పక్కన పెట్టండి. ఫైలు పేరులో తేదీ ఉండాలి. డీటీపీ చేసినవారి దగ్గరే అన్నీ ఉన్నాయి కదా అని ఊరుకోకుండా, డబ్బు చెల్లించేటప్పుడే ఈ ఫోల్డర్ అడిగి తీసుకుని మీ కంప్యూటర్లో ఒకసారి తెరిచి చూసుకోండి.